రక్తనాళంలో గడ్డ, రోజుకొక చిన్న మాత్ర

పోయిన వేసవిలో ఒక ఉదయం యాభై నాలుగేళ్ల రైతు ఒకాయన్ని ఇంటివాళ్లు ఆటోలో మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి. ఛాతీ మీద రోలు పెట్టినట్టుగా ఉందని చెబుతున్నారు. అంతకు నాలుగు నెలల ముందే ఆయనకు నగరంలో గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. ఏ మందులు వాడుతున్నారని అడిగితే ఆయన భార్య సంచిలోంచి ఒక పాత చీటీ తీసి చూపించారు. అందులో ఉన్న మాత్రల్లో ముఖ్యమైనవి రెండు. ఆ రెండూ వారం రోజులుగా వేసుకోవడం లేదు.

"పన్ను పీకించాల్సి వచ్చింది డాక్టరమ్మా. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటే పీకినచోట రక్తం ఆగదని తెలిసినవాళ్లు చెప్పారు. భయపడి నేనే మానిపించాను" అన్నారామె.

పన్ను పీకడం బాగానే జరిగింది. రక్తం వెంటనే ఆగింది. కానీ మాత్రలు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. ఈసీజీలో గుండెపోటు స్పష్టంగా కనిపించింది. మా దగ్గర స్టెంటు వేసే సౌకర్యం లేదు. ఇవ్వగలిగిన మందులు ఇచ్చి అంబులెన్సులో నగరానికి పంపించాం. స్టెంటు లోపలే గడ్డ కట్టి దారి మూసుకుపోయిందని అక్కడి డాక్టర్లు గుర్తించి, దాన్ని మళ్లీ తెరిచారు. ప్రాణం దక్కింది. అయితే గుండె కండరంలో కొంత భాగం దెబ్బతింది. ఇప్పుడాయన పొలం గట్టు మీద నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడుతున్నారు.

ఇందులో ఆ ఇల్లాలిని తప్పు పట్టడానికి ఏమీ లేదు. స్టెంటు వేయించుకున్నాక ఆయన బీపీ చూపించుకోవడానికి మా దగ్గరకు రెండుసార్లు వచ్చారు. మేము బీపీ చూశాం, మందు రాశాం, పంపించాం. ఆ రెండు మాత్రలు ఏం చేస్తాయో, ఎందుకు మానకూడదో కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ మాటలే ఈ సంచికలో మీ అందరికీ చెబుతున్నాం.

గడ్డ కట్టడం మంచి గుణమే

కత్తిపీటతో కూర తరుగుతుంటే వేలు తెగుతుంది. కాసేపు అదిమి పట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. రక్తానికి ఈ గుణమే లేకపోతే చిన్న గాయానికే ప్రాణం పోయేది. ఈ పనిలో ముందుండేవి ప్లేట్‌లెట్లు. డెంగ్యూ జ్వరాల పుణ్యమా అని ఇప్పుడు ఈ మాట తెలియని ఇల్లు లేదు. ఇవి ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. ఎర్ర కణాల కంటే చాలా చిన్నవి. ఆరోగ్యవంతుల్లో ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. ఒక్కొక్క ప్లేట్‌లెట్ 7 నుంచి 10 రోజులు మాత్రమే బతుకుతుంది. అందుకే మన మూలుగ రోజుకు సుమారు పది వేల కోట్ల కొత్త ప్లేట్‌లెట్లను తయారుచేస్తూనే ఉంటుంది. ఈ పదిరోజుల లెక్కను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్లీ అవసరమవుతుంది.

ఇవి గాయమైన చోట గోడకు అతుక్కుని గుంపు కడతాయని ఇటలీకి చెందిన బిజొజెరో అనే వైద్య శాస్త్రవేత్త 1882లోనే సూక్ష్మదర్శిని కింద చూసి రాశారు. అదెలా జరుగుతుందో తెలియాలంటే మన ఊరి కాలువను తలచుకుంటే చాలు.

వరద రోజుల్లో కాలువ గట్టుకు గండి పడితే ఊరివాళ్లు ఏం చేస్తారు? మొదట చూసినవాడు గండిలో ఇసుక బస్తా వేసి కేక పెడతాడు. కేక విన్నవాళ్లు తలా ఒక బస్తా పట్టుకుని పరుగెత్తుకొస్తారు. వాళ్లు ఇంకా కొందరిని పిలుస్తారు. బస్తాలు పేర్చాక, నీటి ఉరవడికి కొట్టుకుపోకుండా వెదురు తడికలు కట్టి బిగిస్తారు.

రక్తనాళంలోనూ ఇలాగే జరుగుతుంది. రక్తనాళం లోపలి గోడకు పల్చటి నున్నని పొర ఉంటుంది. అది బాగున్నంత కాలం ప్లేట్‌లెట్లు దాన్ని పట్టించుకోకుండా జారిపోతుంటాయి. ఆ పొర తెగి, కింద ఉన్న కొల్లాజెన్ అనే పీచు బయటపడితే అవి వెంటనే అతుక్కుంటాయి. అతుక్కున్న ప్లేట్‌లెట్ గుండ్రని బిళ్ల ఆకారం పోగొట్టుకుని ముళ్లు ముళ్లుగా మారుతుంది. తన లోపలి నుంచి కొన్ని రసాయనాలను వదులుతుంది. వాటిలో థ్రాంబాక్సేన్ ఒకటి, ఏడీపీ మరొకటి. ఇవే మనం చెప్పుకున్న కేకలు. అవి తగిలిన పక్క ప్లేట్‌లెట్లు కూడా మేలుకుని ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి. చివరికి ఫైబ్రిన్ అనే దారాలు అల్లుకుని ఆ గుంపును తడికలా బిగిస్తాయి. అదే రక్తపు గడ్డ.

మంచి గుణం ముప్పుగా మారేదెప్పుడు

గండి బయటివైపుకు పడినప్పుడు ఈ ఏర్పాటు ఊరిని కాపాడుతుంది. మరి కాలువ లోపలి వైపు గట్టు చెదిరితే? ఊరివాళ్లు అక్కడా బస్తాలు వేస్తూ పోతే కాలువే పూడిపోతుంది. దిగువనున్న పొలాలు ఎండిపోతాయి. గుండెపోటులో జరిగేది ఇదే.

మన ధమనుల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు చేరుతూ ఉంటుంది. ఇది ముసలితనంలో మొదలయ్యేది కాదు, పడుచు వయసులోనే మొదలవుతుంది. పొగ, చక్కెర వ్యాధి, అధిక రక్తపోటు, రక్తంలో ఎక్కువైన చెడు కొలెస్ట్రాల్ దాన్ని త్వరపెడతాయి. బీడీ అయినా, చుట్ట అయినా, ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అయినా ఇందులో తేడా లేదు. అలా చేరిన కొవ్వు మీద పల్చని మూత ఏర్పడుతుంది. మానుతున్న పుండు మీద పక్కు కట్టినట్టు ఉంటుందది. ఒకరోజు ఆ మూత పగులుతుంది. లోపలి కొవ్వు, పీచు రక్తానికి తగులుతాయి. ప్లేట్‌లెట్లకు అది గాయంలాగే కనిపిస్తుంది. తమకు తెలిసిన పని తాము చేస్తాయి.

గుండె కండరానికి రక్తాన్నిచ్చే ధమని లోపలి వెడల్పు మొదట్లో 3, 4 మిల్లీమీటర్లే. అంత సన్నని దారిలో గడ్డ కట్టడానికి ఎంతోసేపు పట్టదు. దారి పూర్తిగా మూసుకుపోతే అరగంట లోపే గుండె కండరం చావడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ నష్టం పెరుగుతూ పోతుంది. ఇదే పని మెదడుకు వెళ్లే ధమనిలో జరిగితే పక్షవాతం. కాలి ధమనిలో జరిగితే కాలు చల్లబడి, నీలంగా మారి, చివరకు కుళ్లిపోవచ్చు.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. "నిన్నటిదాకా పొలం పని చేశాడు, ఏ నొప్పీ లేదు, ఒక్కసారిగా గుండెపోటు ఎలా వచ్చింది?" అని అడుగుతారు. ధమనిలో సగం కూడా మూయని కొవ్వుగడ్డకు సైతం మూత పగలొచ్చు. అంతకుముందు నడిచినా, పరుగెత్తినా నొప్పి రాకపోవడానికి కారణం అదే. అందుకే నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదనుకోవడం పొరపాటు.

స్టెంటు సంగతి కూడా చెప్పుకుందాం. స్టెంటు అంటే మూసుకున్న ధమనిని తెరిచి ఉంచే సన్నని లోహపు జాలీ. ఎంత మంచిదైనా ప్లేట్‌లెట్ల దృష్టిలో అది బయటి వస్తువే. కొన్ని నెలల్లో దాని మీద రక్తనాళపు నున్నని పొర పెరిగి కప్పేస్తుంది. అందాకా ప్లేట్‌లెట్లను అదుపులో పెట్టాల్సింది మాత్రలే. మా రైతు విషయంలో నాలుగో నెలలో ఆ అదుపు తప్పింది.

సిరల్లో గడ్డ వేరు, మందూ వేరు

ధమనిలో రక్తం వేగంగా పారుతుంది. అక్కడి గడ్డలో ప్లేట్‌లెట్లే ఎక్కువ, కాబట్టి అది తెల్లగా ఉంటుంది. సిరల్లో రక్తం నెమ్మదిగా నడుస్తుంది. ఆపరేషను తర్వాత రోజుల తరబడి మంచం మీదే ఉన్నవారికి కాళ్ల సిరల్లో రక్తం నిలిచి గడ్డ కట్టవచ్చు. అందులో ఎర్ర కణాలు, ఫైబ్రిన్ దారాలు ఎక్కువ. గుండె కొట్టుకోవడం లయ తప్పినవారికి గుండె గదిలో కట్టే గడ్డ కూడా ఈ రెండో రకమే.

మన పోలికలో చెప్పాలంటే ఒకచోట బస్తాలు ముఖ్యం, ఇంకోచోట తడికలు ముఖ్యం. అందుకే మందులూ రెండు రకాలు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తాయి. హెపారిన్ ఇంజెక్షను, వార్ఫరిన్, ఎసిట్రోమ్ మాత్రలు ఫైబ్రిన్ తయారీ మీద పనిచేస్తాయి. కీళ్లవాతం వల్ల గుండె కవాటం పాడై, లోహపు కవాటం వేయించుకున్నవారు వాడేది ఈ రెండో రకం. వారు ఐఎన్ఆర్ పరీక్ష తరచుగా చేయించుకోవాలి. ఆకుకూరలు ఒక వారం మానేసి ఇంకో వారం విపరీతంగా తినకుండా, రోజూ ఒకే తీరుగా తినాలి. ఈ మాత్రలు వాడేవారి జాగ్రత్తలు వేరు కాబట్టి వాటి గురించి ఇంకో సంచికలో వివరంగా రాస్తాం. ఇప్పుడు ప్లేట్‌లెట్ల మందుల సంగతి చూద్దాం.

ఆస్పిరిన్: నొప్పి మాత్ర గుండె మాత్ర అయిన కథ

జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ 1897లో ఆస్పిరిన్‌ను శుద్ధంగా తయారుచేశారు. 1899 నుంచి అది నొప్పికీ జ్వరానికీ అమ్ముడవుతూ వచ్చింది. గుండెతో దానికి సంబంధం ఉందని యాభై ఏళ్లపాటు ఎవరూ అనుకోలేదు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రానికి చెందిన లారెన్స్ క్రేవెన్ అనే మామూలు డాక్టరుకు మొదట అనుమానం వచ్చింది. ఆయన గొంతులో టాన్సిల్స్ తీసినవారికి నొప్పి కోసం ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ ఇచ్చేవారు. ఎక్కువగా నమిలినవారికి రక్తం ఆగేది కాదు. రక్తాన్ని ఆగనివ్వని మందు గుండెలో గడ్డను కూడా కట్టనివ్వదేమో అనిపించి, తన దగ్గరకు వచ్చే మగవారికి ఆస్పిరిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. 1950 నుంచి కొన్ని చిన్న వైద్య పత్రికల్లో రాశారు. పోల్చి చూడటానికి మందు ఇవ్వని గుంపు లేకపోవడంతో ఆ మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ కనిపెట్టారు. 1982లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఆయన ఒకరు. ప్లేట్‌లెట్ లోపల థ్రాంబాక్సేన్ తయారుకావడానికి ఒక ఎంజైము కావాలి. ఆస్పిరిన్ దానికి అతుక్కుని శాశ్వతంగా పాడుచేస్తుంది. అంటే కేక పెట్టే గొంతు మూగబోతుంది. మిగతా కణాలైతే కొత్త ఎంజైమును తయారుచేసుకోగలవు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కాబట్టి ఆ పని చేసుకోలేదు. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ చనిపోయేదాకా అలాగే ఉంటుంది. అందుకే 75 మిల్లీగ్రాముల చిన్న మాత్ర రోజంతటికీ సరిపోతుంది.

మరి రోజూ ఎందుకు వేసుకోవాలి? పదిరోజుల లెక్క ఇక్కడే పనికొస్తుంది. ప్రతిరోజూ పదింట ఒక వంతు పాత ప్లేట్‌లెట్లు పోయి కొత్తవి వస్తాయి. ఆ కొత్తవాటికి నిన్నటి మాత్ర సంగతి తెలియదు. మాత్ర మానేస్తే మొదటి రోజు పదో వంతు, రెండో రోజు ఐదో వంతు ఇలా కేక పెట్టగలిగిన ప్లేట్‌లెట్లు పెరుగుతూ పోతాయి. వారం తిరిగేసరికి మందు వేసుకోనివారికీ మీకూ తేడా ఉండదు. మా రైతు మాత్రలు మానేసింది సరిగ్గా వారం రోజులు.

ఈ మందు నిజంగా ప్రాణం కాపాడుతుందా అనే ప్రశ్నకు 1988లో గట్టి జవాబు వచ్చింది. ఐసిస్-2 అనే పరిశోధనలో 417 ఆసుపత్రుల నుంచి గుండెపోటు అనుమానంతో చేరిన 17,187 మందిని తీసుకున్నారు. ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయినవారు ఆస్పిరిన్ ఇవ్వనివారిలో వెయ్యికి 118 మంది, ఇచ్చినవారిలో 94 మంది. గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ కూడా కలిపి ఇచ్చినవారిలో వెయ్యికి 80 మంది, రెండూ ఇవ్వనివారిలో 132 మంది. ఎంతో చవకైన ఈ మాత్ర వెయ్యిమందిలో ఇరవై నాలుగు ప్రాణాలు నిలబెట్టిందన్నమాట.

రెండో మాత్ర ఎందుకు?

థ్రాంబాక్సేన్ కేకను మూయించినా ఏడీపీ అనే రెండో కేక మిగిలే ఉంటుంది. ఏడీపీకి ఏటీపీ అనే దగ్గరి చుట్టం ఉంది. శరీరంలో శక్తికి ఏటీపీ ఆధారం. అందులోంచి ఒక ఫాస్ఫేటు విడిపోతే మిగిలేది ఏడీపీ. ఏటీపీని కండరాల్లో గుర్తించి 1929లో ప్రకటించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. ఏడీపీ ప్లేట్‌లెట్లను గుంపు కట్టిస్తుందని 1961లో నార్వే పరిశోధకులు కనుక్కున్నారు.

క్లోపిడోగ్రెల్ ఈ ఏడీపీ కేకను వినే చెవిని మూసేస్తుంది. ఆస్పిరిన్ గొంతు మూస్తే, క్లోపిడోగ్రెల్ చెవి మూస్తుంది. రెండూ కలిస్తే ప్లేట్‌లెట్లు గుంపు కట్టడం బాగా తగ్గుతుంది. 2001లో వెలువడిన క్యూర్ పరిశోధనలో గుండెపోటు లక్షణాలతో వచ్చిన 12,562 మందికి ఆస్పిరిన్ ఇస్తూ, అందులో సగం మందికి క్లోపిడోగ్రెల్ కూడా ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం కలిపి నూటికి 11.4 నుంచి 9.3కు తగ్గాయి. దానికి చెల్లించిన మూల్యమూ ఉంది. పెద్ద రక్తస్రావాలు నూటికి 2.7 నుంచి 3.7కు పెరిగాయి.

తర్వాత ఇంకా గట్టి మందులు వచ్చాయి. టికాగ్రెలార్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. కొందరికి దాంతో ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. అలా అనిపిస్తే డాక్టరుకు చెప్పండి, మీకు మీరుగా మానేయకండి. ప్రాసుగ్రెల్ రోజుకు ఒకసారి. ఇదివరకు పక్షవాతం వచ్చినవారికి అది ఇవ్వకూడదు.

రెండు మాత్రలు ఎంతకాలం? గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవారికి సాధారణంగా ఏడాది. గుండెపోటు లేకుండా, నడిస్తే నొప్పి వస్తుందని స్టెంటు వేయించుకున్నవారికి సాధారణంగా ఆరు నెలలు. రక్తస్రావం ముప్పును బట్టి డాక్టరు దీన్ని తగ్గించవచ్చు, పెంచవచ్చు. ఆ తర్వాత ఒక మాత్ర మాత్రం ఉంటుంది, మామూలుగా జీవితాంతం. "నాకు నయమైపోయింది కదా, ఇంకా ఎందుకు?" అని అడుగుతారు. మాత్ర ధమనిలోని కొవ్వును తీసేయదు. మూత మళ్లీ ఎప్పుడు పగులుతుందో ఎవరికీ తెలియదు. పగిలిన రోజున గడ్డ కట్టనివ్వకుండా అడ్డుపడటమే మాత్ర పని.

ఇంకొక మాట. వీటిని అందరూ "రక్తం పలచబడే మాత్రలు" అంటారు. మేమూ అలాగే అంటుంటాం. ఆ మాట వల్లే చాలా భయాలు పుడుతున్నాయి. రక్తం నీళ్లలా పలచబడదు. రక్తం తగ్గదు, బలం పోదు. ప్లేట్‌లెట్ల సంఖ్య కూడా మామూలుగా తగ్గదు. అవి అతుక్కునే గుణం మాత్రమే తగ్గుతుంది.

ఆరోగ్యంగా ఉన్నవారు వేసుకోవచ్చా?

వద్దు. ఈ విషయం గట్టిగా చెప్పాలి. గుండెపోటు వచ్చిన అన్నయ్యకు డాక్టరు ఆస్పిరిన్ రాస్తే, ముందు జాగ్రత్త అని తమ్ముడూ, వదినా కూడా వేసుకోవడం మేము చూస్తున్నాం. ఒకప్పుడు డాక్టర్లూ అలా సలహా ఇచ్చేవారు. 2018లో వెలువడిన యాస్ప్రీ పరిశోధనలో ఆస్ట్రేలియా, అమెరికాల్లో గుండె జబ్బు లేని 19,114 మంది పెద్దవారిని సుమారు ఐదేళ్లు గమనించారు. వారిలో ఎక్కువమంది డెబ్బై దాటినవారే. రోజూ ఆస్పిరిన్ వేసుకున్నందువల్ల వారికి గుండె జబ్బులు చెప్పుకోదగినంతగా తగ్గలేదు, రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. జబ్బు ఉన్నవారికి రక్షణ ఇచ్చేది, లేనివారికి హాని చేయవచ్చు. మీకు అవసరమా కాదా అన్నది మీ వయసు, చక్కెర, ఇతర జబ్బులు చూసి డాక్టరు చెప్పాలి.

రక్తస్రావం ఎక్కువగా అయ్యేది కడుపులో. ఆస్పిరిన్ కడుపు లోపలి రక్షణ పొరను బలహీనపరుస్తుంది. దానికి తోడు మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు మందుల షాపులో కొనుక్కుని మింగితే పుండు పడటానికి ఎంతో కాలం పట్టదు. పైగా ఐబూప్రొఫెన్ ఆస్పిరిన్ పనికి అడ్డు తగులుతుంది కూడా. నొప్పికి పారాసిటమాల్ మేలు. విరేచనం తారులా నల్లగా, జిగటగా, చెడు వాసనతో వస్తే, వాంతిలో కాఫీ పొడిలాంటిది కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి. కడుపులో పుండు ముప్పు ఉన్నవారికి పాంటోప్రజోల్ వంటి మాత్ర కూడా రాస్తాం. క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్‌ను సొంతంగా కొనుక్కుని వాడకండి, అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గించవచ్చు. పళ్లు తోముకునేటప్పుడు కాస్త రక్తం కనబడటం, చేతుల మీద చిన్న కమిలిన మచ్చలు రావడం మామూలే. వాటికి భయపడి మానవద్దు, వచ్చి చూపించండి.

మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

పన్ను పీకించాలంటే మాత్ర మానాలా?
ఒక్క ఆస్పిరిన్ వాడేవారు ఒకటి రెండు పళ్ల కోసం మానాల్సిన అవసరం లేదు. పీకినచోట దూదిగుడ్డ పెట్టి అరగంట గట్టిగా కొరికి పట్టుకుంటే, అవసరమైతే ఒక కుట్టు వేస్తే రక్తం ఆగుతుంది. రెండు మాత్రలు వాడేవారు ముందుగా గుండె డాక్టరును అడగాలి. మాత్రల సంగతి పళ్ల డాక్టరుకు తప్పకుండా చెప్పండి. స్టెంటు వేసి ఏడాది కాకపోతే, ఆగగలిగిన ఏ పనినైనా వాయిదా వేయడమే మంచిది.

ఆపరేషను ఉంటే?
కొన్ని ఆపరేషన్లకు క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా ఐదు రోజుల ముందు ఆపుతారు. ఆపాలా, ఎప్పుడు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న మూడు మాటలూ ఆపరేషను చేసే డాక్టరు, గుండె డాక్టరు కలిసి నిర్ణయించాలి. మొదలుపెట్టాల్సిన తేదీని కాగితం మీద రాయించుకోకుండా ఇంటికి వెళ్లకండి.

ఒకరోజు మరచిపోతే?
గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. మర్నాటి మాత్ర వేళ దగ్గరపడితే ఆ ఒక్కటే వేసుకోండి. రెండు కలిపి మింగకండి.

ఉపవాసం రోజున?
ఏ మతంవారి ఉపవాసమైనా మాత్ర మానవద్దు. వేళ మార్చుకోవాలంటే ముందుగా వచ్చి అడగండి, కుదిరే వేళ చెబుతాం.

జ్వరం వస్తే?
డెంగ్యూలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అప్పుడు ఆస్పిరిన్ ప్రమాదం. ఈ మాత్రలు వాడేవారికి జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకుండా మొదటి రోజే వచ్చి రక్తపరీక్ష చేయించుకోండి. ఆపాలో కొనసాగించాలో మేము చెబుతాం. పిల్లలకు జ్వరానికి ఆస్పిరిన్ ఎప్పుడూ ఇవ్వకండి.

ఛాతీ నొప్పి వస్తే ఇంట్లో ఏం చేయాలి?
గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఛాతీ బిగపట్టినట్టుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే వెంటనే 108కి ఫోను చేయండి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో రక్తస్రావం ఉన్నవారు తప్ప మిగతావారు 300 లేక 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఒకటి, లేదా 75 మిల్లీగ్రాములవి నాలుగు బాగా నమిలి మింగాలి. నమిలితే మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. వారి విషయంలో ఇంకా తొందరపడాలి.

పక్షవాతానికి కూడా ఆస్పిరిన్ ఇవ్వవచ్చా?
ఇంట్లో ఇవ్వకండి. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది గడ్డ వల్ల కావచ్చు, మెదడులో రక్తస్రావం వల్లా కావచ్చు. సీటీ స్కాన్ తీస్తేగాని తెలియదు. రక్తస్రావమైతే ఆస్పిరిన్ హాని చేస్తుంది. లక్షణాలు మొదలైన సమయం గుర్తుపెట్టుకుని వెంటనే స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

మందులు కొనే స్తోమత లేకపోతే?
మానేయకుండా మాకు చెప్పండి. సిగ్గుపడాల్సిన పని లేదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ జన ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి. ఖరీదైన మందుకు బదులు చవకైనది సరిపోతుందేమో చూసి రాయగలం.

మేము మార్చుకున్నది

ఆ రైతు ఇప్పుడు నెలకొకసారి మా దగ్గరకు వస్తున్నారు. వచ్చిన ప్రతిసారీ ఆయన భార్య మాత్రల అట్టలు తెచ్చి బల్ల మీద పెట్టి, "లెక్క చూసుకోండి డాక్టరమ్మా" అంటారు. లెక్క ఒక్కరోజు కూడా తప్పలేదు.

మేము కూడా ఒక పని మొదలుపెట్టాం. గుండె మాత్రలు వాడే ప్రతి ఒక్కరికీ తెలుగులో రాసిన చిన్న కార్డు ఇస్తున్నాం. అందులో మాత్ర పేరు, అది దేనికోసం, స్టెంటు వేసిన తేదీ, రెండో మాత్ర ఎప్పటిదాకా అన్నది ఉంటుంది. అడుగున పెద్ద అక్షరాలతో "మమ్మల్ని అడగకుండా మానవద్దు" అని రాశాం. ఇంకా కార్డు అందనివారు ఈసారి వచ్చినప్పుడు అడిగి తీసుకోండి. దాన్ని బీరువాలో దాచకండి. చొక్కా జేబులోనో, పర్సులోనో పెట్టుకుని పళ్ల డాక్టరుకైనా, మందుల షాపులోనైనా ముందు దాన్నే చూపించండి.

ఇవి గుర్తుంచుకోండి

మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోవాలి.
డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు, మానకూడదు.
మీ మాత్ర ఇంకొకరికి ఇవ్వకూడదు.
నొప్పి మాత్రలు సొంతంగా కొని వాడకూడదు.
నల్లటి విరేచనం, ఆగని రక్తం, తీవ్రమైన తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి రావాలి.
పొగ మానడం, బీపీ, చక్కెర, కొలెస్ట్రాల్ అదుపులో ఉంచడం మాత్రతో పాటు జరగాలి. మాత్ర గడ్డను ఆపుతుంది. గోడ చెడిపోకుండా చూసుకోవాల్సింది మనమే.